ఎరువు మూట పాఠానికి హెచ్చెమ్మ సంతకం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ లేదని నా గట్టి నమ్మకం. ఇరవై మూడేళ్ళ వయసు, చేతిలో టీచరు ట్రైనింగు పట్టా, బీరువాలో నాలుగు కొత్త చీరలు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే చాలు, జిల్లాలో చదువంతా నా భుజాల మీదే నడుస్తోందన్నట్టు కూర్చునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లను దగ్గరికి పిలిచి చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. అంతలోనే, పోనీలే పాపం, ఆ ధైర్యం నాకిప్పుడు ఎక్కడుంది అని దాని మీద ముద్దు కూడా వస్తుంది. ధైర్యం కాకపోతే మరేమిటి, చూడకుండా నాలుగు వాక్యాలు తెలుగులో రాయడం రాని పిల్ల తెలుగు టీచరుగా చేరింది.

ఇందులో నా తప్పు సగమే. మాది తిరుత్తణి పక్కన పల్లె. విజయనగరం రాజుల కాలంలో వచ్చి ఇక్కడ సేద్యానికి దిగిన కుటుంబాలు మావి అని మా తాత చెప్పేవాడు. ఇంట్లో తిట్టుకున్నా, ముద్దు చేసుకున్నా, చెరుకు తోటకు నీళ్ళు పెట్టే వంతు గురించి తగువు పడినా అంతా తెలుగులోనే. గడప దాటితే బస్సు బోర్డు తమిళం, బడి తమిళం, స్నేహితురాలికి రాసే చీటీ తమిళం. ఐదో తరగతి దాకా ఒక ముసలి అయ్యవారు తెలుగు చెప్పాడు. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. మా అవ్వ రోజూ క్యాలెండరు చదివించేది కాబట్టి చదవడం నిలిచింది. చూసి రాయమంటే ముగ్గు వేసినంత అందంగా రాసేదాన్ని. చూడకుండా రాయమంటే మాత్రం 'థ'లో చుక్క ఉందో లేదో, 'భ' కింద గీత పెట్టాలో వద్దో, ఒత్తులు ఎటు తిరుగుతాయో తెలియక చెమటలు పట్టేవి. పరీక్షల్లో? బట్టీ పట్టాను. అక్షరాలతో సహా బట్టీ పట్టాను. మార్కులు కూడా బాగానే వచ్చాయి, ఎందుకు దాచాలి.

నన్ను వేసిన బడి ఆంధ్రా సరిహద్దు పక్కన కొండ కింద ఉండేది. తిరుత్తణిలో ఒక బస్సెక్కి, మధ్యలో ఇంకొకటి మారి, దిగిన తరువాత వేరుశెనగ చేల మధ్య అరగంట నడక. రెండు గదులు, ఇద్దరు టీచర్లు. ఒక గదిలో తమిళ సారు, ఇంకో గదిలో తెలుగు పిల్లలు పదిహేడు మంది, నేను. నా ఉద్యోగం తాత్కాలికం. మా హెడ్మిస్ట్రెస్సు ఉండేది మా బడిలో కాదు, ఆరేడు మైళ్ళ అవతల పెద్ద బడిలో. కొండ కింద ఉన్న మూడు చిన్న బడులను కూడా ఆమే చూసుకోవాలి. హెచ్చెమ్ అని ఒకరు, అమ్మ అని ఒకరు పిలిచి, చివరికి పిల్లలంతా కలిపి ఆమెను 'హెచ్చెమ్మ' చేసేశారు.

హెచ్చెమ్మ ప్రతి శుక్రవారం వచ్చేది. ఊరికే తప్పులు పట్టడానికి వచ్చే మనిషి కాదు. చేతి సంచిలో చాక్‌పీసులు, పిల్లలకు గోళ్ళు కత్తిరించే కత్తెర, నాకు ఒక డబ్బాలో పులుసన్నం తెచ్చేది. మా బడి మలుపు దగ్గర ఆపను పొమ్మన్న బస్సు డ్రైవరుతో ఒక రోజంతా వాదించి, చివరికి అతని కూతురి చదువు గురించి మాట్లాడి, బస్సు ఆగేటట్టు చేసింది. ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదని నేను ఒక్కసారి అంటే, తరువాతి శుక్రవారం తలుపుతో, దాన్ని బిగించే వడ్రంగి ఆసారితో కలిసి ట్రాక్టరులో దిగింది. ఇంత చేసిన మనిషికి నేను ఏం చేశానో ఇక చెప్పక తప్పదు.

టీచర్లు పాఠం నోట్సు రాయాలి. వచ్చే వారం ఏ పాఠం చెప్పబోతున్నాం, ఎలా చెప్పబోతున్నాం, పిల్లలతో ఏం చేయించబోతున్నాం అన్నది నోటుబుక్కులో రాస్తే, హెడ్మిస్ట్రెస్సు చదివి సంతకం పెట్టాలి. నేను రాశాను. భాష తెలుగే, అక్షరాలు మాత్రం తమిళం. తమిళంలో 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరం అన్న సంగతి మా పక్క పుట్టినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. పిల్లలకు చెప్పబోయే కథలో నేను రాసుకున్న వాక్యం 'వాన వెలిశాక తాత గొడుగును మడిచి మూలన పెట్టాడు'. మొదటి శుక్రవారం హెచ్చెమ్మ పిల్లల మధ్యన బల్ల మీద కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, దాన్ని గట్టిగా చదివింది.

"వాన వెలిశాక తాత కొడుకును మడిచి మూలన పెట్టాడు."

"ఏంటికి మడిచినాడు మే కొడుకును?" అని నన్ను అడిగింది.

"అల్లరి చేసుంటాడమ్మా," అన్నాను. (నాకు నోరు ముందు, బుద్ధి తరువాత. ఇప్పటికీ అంతే.)

మూడో తరగతిలో రెండు జడల పిల్ల ఒకతె ఉండేది, దానికి తెలియనిది లేదు. అది లేచి, "కొడుకు కాదు మిస్సూ, గొడుగు," అంది. తరగతంతా గొల్లుమంది. హెచ్చెమ్మ నవ్వలేదు. "తెలుగు పాఠానికి తమిళ అక్షరాలు ఏంటికి?" అంది.

నిజం చెప్పి ఉంటే ఈ కథే లేదు. నేను తియ్యగా నవ్వి, "మీకు చదవను సులువుగా ఉంటుందని అట్ల రాసినానమ్మా," అన్నాను.

ఆమె ముఖం ఎర్రబడింది. "నాకు తెలుగు చదవను రాదని నీకు ఎవురు చెప్పినారు? వచ్చే వారం నుంచి తెలుగులోనే రాయాల," అని నోటుబుక్కు మూసేసింది.

సరే, తెలుగులోనే రాశాను. పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని అందులోని పేజీలు అలాగే దించేశాను. రెండో శుక్రవారం హెచ్చెమ్మ ఒక చేత్తో నా నోట్సు, ఇంకో చేత్తో పాఠ్యపుస్తకం పట్టుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరాన్నీ పోల్చి చూసింది. చూసి, "ఇది పుస్తకంలో ఉండేదే గదా. సొంతంగా రాయి మే," అంది. అప్పుడే నాకు మొదటి అనుమానం. తెలుగు వచ్చిన మనిషి చదువుతుంది గాని, చీర అంచుకు రవిక గుడ్డ సరిపోయిందో లేదో చూసినట్టు చూడదు గదా. ఇంకొకటి కూడా గుర్తుకు వచ్చింది. ఆమె ఫోనులో నాకు పంపేవన్నీ రికార్డు చేసిన మాటలే. ఒక్క అక్షరం టైపు చేసి పంపిన పాపాన పోలేదు.

మూడో వారం నాకు కావలసింది ఒక్కటే, పాఠ్యపుస్తకంలో లేని తెలుగు. ఇల్లంతా వెతికితే మా బావ పెళ్ళిపత్రిక దొరికింది. గురువారం సాయంత్రం నిమ్మళంగా కూర్చుని దాన్ని ముగ్గులా దించాను. ఉపశీర్షికలు పెట్టాను, గీతలు కొట్టాను, చూడడానికి అచ్చం పాఠం నోట్సే. మరునాడు హెచ్చెమ్మ పేజీ పైనుంచి కిందికి కళ్ళు నడిపించి, "దీంట్లో పిల్లోళ్ళు చేసే పని యాడుండాది?" అని అడిగింది. వేలు ఎక్కడ పడితే అక్కడ పెట్టాను. అక్కడ 'భోజన తాంబూలాదులు స్వీకరించి' అని ఉంది.

ఆమె తల ఊపింది. "ఊ. ఇది ఇంకా కొంచెం జాస్తిగా ఉండాల," అని పచ్చ సిరాతో 'బాగుంది' అని తమిళంలో రాసి, సంతకం పెట్టింది.

ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. ఆ తరువాత వారం క్యాలెండరు వెనక పేజీలోని రాశిఫలాలు. దానికి హెచ్చెమ్మ అభిప్రాయం 'ముందుచూపు ఉంది'. (ఇది నేను కల్పించింది కాదు. నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.) ఆ తరువాత మా అవ్వ మోకాళ్ళ నూనె సీసా మీది కాగితం. ఆ పైన మా నాయన సరిహద్దు దాటి నగరిలో కొనుక్కొచ్చిన ఎరువు మూట. దాని వెనక బోలెడంత తెలుగు ఉండేది, మూడు వారాలకు సరిపోయింది. వేరుశెనగకు ఎంత, చెరుకుకు ఎంత, ఎప్పుడు చల్లాలి, ఎలా చల్లాలి. 'నీరు పెట్టిన పిదప సమానముగా చల్లవలెను' అన్న పేజీకి హెచ్చెమ్మ, "క్రమం బాగుండాది, ఒకటి తరువాత ఒకటి వస్తా ఉండాది," అని మెచ్చుకుంది. నేను ఇంటికి వెళ్ళి మా అవ్వకు చెప్పి, ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం. అవ్వ నవ్వు ఆగాక, "పాపం మే, ఆ యమ్మ నీకు పులుసన్నం తెస్తా ఉండాది గదా," అంది. నేను వినిపించుకోలేదు. జూలైలో చేరిన దాన్ని, దొరికిన తెలుగు కాగితమల్లా దించుతూ జనవరి దాకా నెట్టుకొచ్చాను.

జనవరి నెలాఖరున ఒక సోమవారం హెచ్చెమ్మ దగ్గర నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. గొంతులో పెళ్ళివారి సంబరం. "తిరువళ్ళూరు నుంచి ఆఫీసరు బేస్తవారం మీ బడికి వస్తా ఉండాడు మే. పిల్లోళ్ళు తక్కువుండారని తెలుగు క్లాసు తీసేసి తమిళంలో కలిపేద్దామా అని చూసిపోతాడంట. నువ్వు భయపడొద్దు. మా తెలుగు టీచరమ్మ మాదిరి నోట్సు రాసే మనిషి ఈ తాలూకాలోనే లేదు, వచ్చి ఆ పుస్తకం చూడండి సార్, అని నేనే చెప్పి పెట్టినా. ఆయనకు తెలుగు బాగా వచ్చంట, కవరైపేట్టై పక్క తెలుగు మనిషంట."

ఆ మెసేజ్ నేను నాలుగుసార్లు విన్నాను. నా ఉద్యోగం పోతుందని మొదటిసారి భయమేసింది. పదిహేడు మంది పిల్లల తెలుగు నా వల్ల పోతుందని రెండోసారికి తెలిసింది. నాలుగోసారి విన్నప్పుడు నాకు వినిపించింది ఆ గొంతులోని సంబరం ఒక్కటే. నన్ను చూసి గర్వపడుతున్న మనిషి పచ్చ సంతకాలు ఎరువు మూట కింద, మోకాళ్ళ నూనె కింద వరసగా ఉన్నాయి. చదివేవాడు వస్తున్నాడు. బతికి ఉండగానే భూమిలోకి వెళ్ళిపోవాలనిపించడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

బుధవారం మధ్యాహ్నం సెలవు చెప్పి నోటుబుక్కుతో పెద్ద బడికి వెళ్ళాను. హెచ్చెమ్మ గదిలో ఒంటరిగా ఉంది. నిలబడే మొత్తం చెప్పేశాను. ఆమె లేచి తలుపు దగ్గరగా వేసి, "చదువు," అంది. ఏడుస్తూ మొదటి నుంచి చదివాను. పెళ్ళిపత్రిక విన్నది. రాశిఫలాలు విన్నది. ఎరువు మూట దగ్గర చెయ్యి ఎత్తి ఆపింది.

"చెరుకుకు ఎంతని ఉండాది?"

చెప్పాను.

"అది తక్కువ. మా నాయన ఇంకా జాస్తి వేస్తాడు," అంది. నేను తిట్లకు సిద్ధపడి వచ్చాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ మళ్ళీ మాట్లాడింది. "మాది ఊత్తుకోట పక్క పల్లె. ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట లేదు. బళ్ళో మాకు అ ఆ కూడా ఎవురూ చెప్పలే. హెచ్చెమ్ అయినాక తెలుగు నోట్సు కూడా నేనే చూడాలన్నారు. రాదని చెప్పను నోరు రాలే. ఇన్ని ఏండ్లుగా ఎవురేం రాసి పెట్టినా సంతకం పెడతా వచ్చినా. నీకన్నా ముందు ఉండిన టీచరు ఏం రాసినాడో, ఆ దేవునికే తెలియాల."

నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చినట్టుంది గాని మింగేసింది. "నువ్వు చేసింది తప్పు మే. శానా తప్పు. నా ముందర నిలబడి నన్ను ఆటాడిచ్చినావు. అది మళ్ళా మాట్లాడుకుందాం. రేపు నువ్వు ఏ మూట చూసి రాసినావో, ఏ సీసా చూసి రాసినావో, అంతా మోసుకోని బడికి రా. ఆఫీసరు అడిగితే నువ్వు నోరు తెరవాకు, నేను చెప్తా."

మరునాడు ఖాళీ ఎరువు మూట చంకన పెట్టుకుని కొత్త చీరతో బస్సెక్కాను. (కండక్టరు నాకు ఒక టిక్కెట్టు, మూటకు ఒకటి కొట్టాలని చూశాడు.) నేను చేరేటప్పటికే హెచ్చెమ్మ మొదటి బస్సుకు వచ్చి ఉంది. మూటను గోడకు మేకులు కొట్టి తగిలించాం. పెళ్ళిపత్రిక, సీసా, క్యాలెండరు పిల్లల చేతికిచ్చాం. చదవండిరా అంటే పాఠ్యపుస్తకం తెరవడానికి ఆవులించే పిల్లలు మూట మీద పడ్డారు. "ఇది మా ఇంట్లో ఉండాది మిస్సూ," అని ఒకడు. "మా నాయన ఇది చదవను రాక జాస్తి వేసేసినాడు, మడంతా మాడిపోయింది," అని ఇంకొకతె. హెచ్చెమ్మ చెప్పులు విడిచి వాళ్ళ మధ్యన నేల మీద కూర్చుంది. రెండు జడల పిల్ల ఆమె వేలు పట్టుకుని 'ఎ', 'రు', 'వు' అని ఒక్కో అక్షరం మీద పెడుతుంటే, ఆమె కూడా పలుకుతోంది. సరిగ్గా ఆ సమయానికి ఆఫీసరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఆయన సన్నగా, పొడుగ్గా, ఏమీ తొందరలేని మనిషి. కుర్చీలో కూర్చుని నా నోట్సు తెరిచాడు. పెళ్ళిపత్రిక పేజీ చదివాడు. తిప్పాడు. రాశిఫలాలు చదివాడు. తిప్పాడు. ఒక పేజీ దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, పైకి చదివాడు.

"'పిల్లలకు అందకుండా దూరముగా ఉంచవలెను.' ఏమ్మా, ఇది పాఠం గురించేనా?"

హెచ్చెమ్మ నేల మీద నుంచి నిదానంగా లేచింది. "సార్, మా పిల్లోళ్ళ ఇండ్లల్లో తెలుగు పుస్తకాలు లేవు. ఉండేది ఎరువు మూట, మందు సీసా, పెండ్లిపత్రిక. వాళ్ళకు కనపడే తెలుగు అదే. దాంతోనే చదివించమని నేనే చెప్పినా. అందుకే టీచరమ్మ వాటిని దించి పెట్టుకునింది. ఇది మా పద్ధతి సార్." గొంతు వణకలేదు. రెప్ప కొట్టుకోలేదు.

ఆఫీసరు తన సంచిలోంచి నగరిలో కొన్న మిఠాయి పొట్లం తీశాడు. మీద తెలుగు అచ్చు. రెండు జడల పిల్లకు ఇచ్చి చదవమన్నాడు. అది 'తడి లేని చల్లని చోట ఉంచవలెను' అని గుక్క తిప్పుకోకుండా చదివి, "లోపల ఏమన్నా ఉండాదా సార్?" అని అడిగింది. ఆ తరువాత ఇంకో నలుగురి చేత మూట చదివించాడు. ఒకడు ఒత్తు తప్పితే పక్కవాడు దిద్దాడు. ఆ ఒత్తు నాకూ అప్పుడే తెలిసిందని ఆయనకు తెలియదు. మిఠాయి పంచాడు. కాగితం తీసి, ఈ బడిలో తెలుగు తరగతి కొనసాగించవచ్చు అని రాశాడు.

వెళ్ళేటప్పుడు జీపు దగ్గర ఆగి హెచ్చెమ్మతో, "పద్ధతి బాగుండాది మేడం. మొన్ననే కనిపెట్టినట్టున్నారు," అన్నాడు. ఆమె నమస్కారం పెట్టింది. ఆయన నవ్వుతూ జీపెక్కాడు.

దుమ్ము అణిగేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. నేను ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టబోతే వెనక్కు జరిగింది. "దణ్ణాలు వద్దు. ఇంతమంది పిల్లోళ్ళ ముందర నేను అబద్ధం చెప్పినా. దాన్ని నిజం చేసే పని నీది," అని, సంచి భుజానికి తగిలించుకుని చేల మధ్య నడిచి వెళ్ళిపోయింది. నన్ను అంతకు ముందు చాలామంది తిట్టారు. ఏ తిట్టూ అంత లోపలికి దిగలేదు.

ఆ ఏడాది మిగిలిన శుక్రవారాలన్నీ ఒకటే పని. పిల్లలు ఇంటి నుంచి తెలుగు అచ్చున్న కాగితం ఏది దొరికితే అది తెచ్చేవారు. చదవడం అయ్యాక డిక్టేషను. చెప్పేది రెండు జడల పిల్ల, రాసేది పిల్లలు, నేను, హెచ్చెమ్మ. ఆమెకు నాకంటే తొందరగా వచ్చేసింది, అది మాత్రం నాకు కడుపుమంట. నా నోట్సులో దీర్ఘం తప్పితే పచ్చ సిరాతో చుట్టి, "పెండ్లిపత్రికలో ఇట్ల లేదే?" అనేది.

ఆమె రిటైరై కొన్నేళ్ళయింది. ఇప్పుడు హెడ్మిస్ట్రెస్సును నేనే. ఆమెలాగే నా కింద ఉన్న చిన్న బడులకు వెళ్ళి వస్తుంటాను. మొన్న పాండూరు అవతల ఒక బడికి వెళితే, కొత్తగా చేరిన తెలుగు పిల్ల, ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి, నోట్సు నా ముందు పెట్టి కొంగు చివర మెలిపెడుతూ నిలబడింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క తప్పు లేదు. రెండో పేజీలో 'ఉన్ముఖీకరణం' అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ మాట నేను ఎక్కడా వినలేదు. పెన్ను చేతిలోనే ఉంది. తల ఊపి సంతకం పెట్టేస్తే ఎవరికీ తెలియదు.

"ఈ మాటకు అర్థం ఏమి మే? నాకు తెలీదు," అన్నాను.

ఆ పిల్ల నా ముఖంలోకి భయంభయంగా చూసింది. నేను నిజంగానే అడుగుతున్నానని అర్థం కావడానికి దానికి కొంచెంసేపు పట్టింది.

"నాకూ తెలీదమ్మా," అంది. "ఆంధ్రా గైడు చూసి రాసినా."

ఈ రెండు ముక్కలు ఒకరితో ఒకరు చెప్పుకోవడానికి నాకూ మా హెచ్చెమ్మకూ ఏడు నెలలు పట్టింది. ఆ పిల్ల నవ్వు ఆపుకోవాలని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనైతే ఆపుకోవాలని చూడను కూడా లేదు.